చిన్న మాత్రే కదా అని ఆపేయకండి

మా ఓపీకి వచ్చేవారిని మందుల సంచి కూడా తెమ్మని అడగడం మాకు అలవాటు. డాక్టరు గారు ఏం రాశారో చీటీ చెబుతుంది. ఇంట్లో నిజంగా ఏం మింగుతున్నారో సంచి చెబుతుంది.

కిందటి చలికాలంలో దుండిగల్ వైపు నుంచి ఒక పెద్దాయన వచ్చారు. ఏడాది క్రితం గుండెపోటు వచ్చి స్టెంట్ వేయించుకున్న మనిషి. సంచి బల్ల మీద బోర్లిస్తే బీపీ మాత్రలున్నాయి, షుగరు మాత్రలున్నాయి, గ్యాసు మాత్రలు రెండు రకాలున్నాయి. ఆస్పిరిన్ మాత్రం లేదు. అడిగితే, "పన్ను పీకించుకునేటప్పుడు బంద్ చెయ్యమన్నరు సిస్టర్, చేసిన. మళ్ల మొదలుపెట్టుమని ఎవ్వరు చెప్పలే" అన్నారు. అప్పటికి నాలుగు నెలలు. పక్కనే ఉన్న ఆయన భార్యకు గుండెజబ్బు లేదు, పక్షవాతం రాలేదు. ఆయన మానేసిన మాత్రలు ఆమె సంచిలో దొరికాయి. "పడేసుడెందుకని నేనేసుకుంటున్న. గుండెకు మంచిదంట గదా" అంది.

ఒకే ఇంట్లో మాత్ర అవసరమైన మనిషి మానేశాడు, అవసరం లేని మనిషి వేసుకుంటోంది. ఈ తారుమారు మేము తరచుగా చూస్తున్నాం. అందుకే ఈ వ్యాసం.

ఆస్పిరిన్ ఏం చేస్తుంది?

ఇది కొత్త మందేమీ కాదు. 1897లో జర్మనీలోని బేయర్ కంపెనీలో తయారైంది. చాలాకాలం తలనొప్పికీ, జ్వరానికీ వాడారు. అది శరీరంలో ఎలా పనిచేస్తుందో 1971లో జాన్ వేన్ అనే బ్రిటిష్ శాస్త్రవేత్త కనిపెట్టారు. 1982లో ఆయనకు నోబెల్ బహుమతి వచ్చింది.

రక్తంలో ప్లేట్‌లెట్లనే చిన్న కణాలు ఉంటాయి. దెబ్బ తగిలినప్పుడు అవి ఒకదానికొకటి అతుక్కుని గడ్డకట్టి రక్తాన్ని ఆపుతాయి. కానీ గుండె రక్తనాళంలో పేరుకున్న కొవ్వు పొర చిట్లినప్పుడు కూడా అవి అదే పని చేస్తాయి. గడ్డ నాళాన్ని మూసేస్తుంది. అదే గుండెపోటు. ఆస్పిరిన్ తగిలిన ప్లేట్‌లెట్ బతికినంతకాలం, అంటే 8 నుంచి 10 రోజులు, మునుపటిలా అతుక్కోలేదు. రోజూ కొత్తవి పుడుతుంటాయి కనుక రోజూ ఒక చిన్న మాత్ర కావాలి. 75 మిల్లీగ్రాములు చాలడానికి కారణం కూడా ఇదే. దీన్ని రక్తం పలచబరిచే మందు అంటాం గానీ, కొందరు భయపడేటట్టు రక్తం నీళ్లలా అయిపోదు.

1988లో వెలువడిన ఒక పెద్ద పరిశోధనలో గుండెపోటుతో ఆసుపత్రుల్లో చేరిన 17 వేలమందికి పైగా రోగులను పరిశీలించారు. సగంమందికి నెలరోజులు ఆస్పిరిన్ ఇచ్చారు. అయిదు వారాల్లో గుండె, రక్తనాళాల జబ్బులతో ఆస్పిరిన్ లేనివారిలో వెయ్యికి సుమారు 118 మంది చనిపోగా, వేసుకున్నవారిలో 94 మంది చనిపోయారు. ఇంత చవకైన మాత్ర వెయ్యిమందిలో 24 ప్రాణాలు నిలపడం చిన్న విషయం కాదు.

గోదావరి జిల్లాల్లో తేలిన సంగతి

గుండెజబ్బు పట్నంవాళ్ల జబ్బని ఇంకా అనుకునేవారున్నారు. ఉభయ గోదావరి జిల్లాల్లోని 45 గ్రామాల్లో 2003-04లో జరిగిన మరణాలకు కారణాలు ఇంటింటికీ వెళ్లి సేకరించారు. నూటికి 32 మరణాలు గుండె, రక్తనాళాల జబ్బులవే. తరువాత అదే ప్రాంతంలో 20 గ్రామాలు పరిశీలించి 2009లో ప్రచురించారు. మా మనసును బాధపెట్టిన లెక్క అందులోనిది. గుండెజబ్బు ఉందని తెలిసినవారిలో ఆస్పిరిన్ వంటి మందు వాడుతున్నది నూటికి 14 మంది. కొలెస్ట్రాల్ తగ్గించే మందు వాడుతున్నది అయిదుగురు. ఇంతకన్నా చవకైన వైద్యం లేదు, అయినా అందలేదు.

గుండెపోటు వచ్చినవారికి ఆస్పిరిన్ ఒక్కటే చాలదు. కొలెస్ట్రాల్‌కు అటోర్వాస్టాటిన్ వంటిది, బీపీకి మందు, స్టెంట్ పడితే కొంతకాలం క్లోపిడోగ్రెల్ వంటి రెండో మందు కూడా రాస్తారు. ఇన్ని మాత్రలు చూసి విసుగుపుడుతుంది, నిజమే. మన పక్కనే బాచుపల్లిలో ఫ్యాక్టరీలున్న డాక్టర్ రెడ్డీస్ కంపెనీ, ఆస్పిరిన్‌తో సహా నాలుగు మందులు కలిపి రెడ్ హార్ట్ పిల్ అనే ఒకే మాత్ర చేసింది. భారతదేశంలోనూ యూరప్‌లోనూ 2,004 మందితో పరీక్షించి 2013లో ఫలితాలు ప్రకటించారు. సుమారు 15 నెలల తరువాత, కలిపిన మాత్ర ఇచ్చినవారిలో నూటికి 86 మంది మందులు మానలేదు. విడివిడిగా వాడేవారిలో 65 మందే మిగిలారు. ఇటువంటి కలిపిన మాత్రలను ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023లో అత్యవసర మందుల జాబితాలో చేర్చింది.

ఇక్కడొక జాగ్రత్త. ఎకోస్ప్రిన్-ఏవీ వంటి క్యాప్సూల్‌లో ఆస్పిరిన్ ముందే ఉంటుంది. దానితోపాటు విడిగా ఎకోస్ప్రిన్ కూడా మింగేవారిని చూశాం. పేర్లు వేరు, మందు ఒకటే.

ఎందుకు ఆపేస్తారు?

"స్టెంట్ పడింది, ఇంకేం భయం" అనుకుని కొందరు మానేస్తారు. స్టెంట్ ఒక లోహపు జాలీ. మందులు హఠాత్తుగా మానితే దాని లోపలే గడ్డ కట్టవచ్చు. పన్ను పీకించుకోవడానికి సాధారణంగా ఆస్పిరిన్ ఆపనక్కరలేదు. పంటి డాక్టరుకు ముందే చెబితే రక్తం ఆపే ఏర్పాటు వారు చేసుకుంటారు. ఏ ఆపరేషనైనా సరే, ఆపాలో వద్దో గుండె డాక్టరును అడగాలి. ఆపితే, మళ్లీ ఏ తారీకున మొదలుపెట్టాలో కాగితం మీద రాయించుకోండి.

శ్రమకాలపు ఉపవాసాల్లో మాత్రలన్నీ పక్కన పెట్టేవారున్నారు. ఆస్పిరిన్‌ను సాయంత్రం భోజనం తరువాత వేసుకోవచ్చు. బీపీ, షుగరు మందుల వేళలు మాత్రం డాక్టరును అడగందే మార్చకండి. ప్రార్థన చేయించుకున్నాక మందు వేసుకుంటే విశ్వాసం తక్కువైనట్టని ఆపేసేవారూ ఉన్నారు. మా వార్డులో పాస్టరు గారు ప్రార్థించి వెళ్లాకే రాత్రి మందుల ట్రాలీ వస్తుంది. రెండింటికీ ఇంతవరకు తగువు రాలేదు.

ఎవరు వేసుకోకూడదు?

జబ్బు లేనివారు సొంతంగా మొదలుపెట్టకూడదు. 19 వేలమందికి పైగా వృద్ధులతో చేసిన పరిశోధన 2018లో వెలువడింది. ఆరోగ్యంగా ఉన్నవారికి రోజూ ఆస్పిరిన్ ఇస్తే గుండెకు చెప్పుకోదగ్గ మేలు జరగలేదు, తీవ్రమైన రక్తస్రావం మాత్రం పెరిగింది. కడుపులో పుండు ఉన్నవారికి మరీ ప్రమాదం. మోకాళ్ల నొప్పికని దుకాణంలో అడిగి కొనే బ్రూఫెన్, డైక్లోఫెనాక్ దీనితో కలిస్తే ప్రమాదం ఇంకా ఎక్కువ. విరేచనం తారులా నల్లగా వస్తే ఆలస్యం చేయకుండా రండి. పిల్లల జ్వరానికి ఆస్పిరిన్ ఇవ్వవద్దు. వానాకాలంలో డెంగీ అనుమానం ఉంటే ఎవరూ జ్వరానికి దీన్ని వేసుకోవద్దు, పారాసిటమాల్ చాలు. గర్భిణులకు కొందరికి డాక్టరమ్మలు చిన్న మోతాదులో రాస్తారు. అది వేరే కారణం, దాన్ని మానకండి.

ఛాతీలో నొప్పి వస్తే

రొమ్ము మీద బండ పెట్టినట్టు బరువు, ఎడమచేతికో దవడకో పాకే నొప్పి, చల్లని చెమటలు ఉంటే గ్యాసని సోడా తాగుతూ కూర్చోకండి. ముందు 108కి ఫోను చేయండి. 2005 ఆగస్టు 15న మొదలైన ఈ సేవను నడిపే సంస్థ కేంద్రం మన మేడ్చల్ రోడ్డులో దేవరయాంజాల్‌లోనే ఉంది. ఆస్పిరిన్ పడనివారు, కడుపులో పుండుతో రక్తం పోయినవారు కాకపోతే, వారిని అడిగి 300 మిల్లీగ్రాముల ఆస్పిరిన్ నమలాలి. 75వి అయితే నాలుగు. మింగితే ఆలస్యం, నమిలితే త్వరగా పనిచేస్తుంది. మూతి వంకరపోయినా, చెయ్యి పడిపోయినా, మాట తడబడినా మాత్రం ఆస్పిరిన్ ఇవ్వకండి. పక్షవాతం గడ్డవల్లా, మెదడులో రక్తం చిమ్మడంవల్లా అన్నది స్కానింగులోనే తెలుస్తుంది. స్కానింగు ఉన్న ఆసుపత్రికి వెంటనే తీసుకెళ్లండి.

ఆ పెద్దాయన్ను ఆ రోజే గుండె డాక్టరు దగ్గరికి పంపాం. మందు మళ్లీ మొదలైంది. ఆయన డిశ్చార్జి కాగితం తీసి చూస్తే అంతా ఇంగ్లీషులోనే ఉంది. మేమిచ్చే కాగితాలూ చాలాకాలం అలాగే ఉండేవి, ఆ తప్పు మాది కూడా. ఇప్పుడు గుండె రోగుల కాగితం వెనక, ఏ మాత్ర ఎందుకో, ఎవరిని అడగకుండా ఆపకూడదో తెలుగులో రాసి, ఇంటివాళ్లకు చదివి వినిపించి పంపుతున్నాం. భార్య మాత్రం తన సంచిలోని మాత్రలు ఇవ్వడానికి కాసేపు తటపటాయించింది. డబ్బులు పెట్టి కొన్నవి కదా. చివరికి ఆయన సంచిలోనే వేసింది.