కొల్లేరు కాంటూరు: నీళ్ళెవరివి, నష్టమెవరిది?

పర్యావరణం అనగానే మన పట్నం మేధావులకు పులీ, అడవీ గుర్తొస్తాయి. కొల్లేరు అనగానే ఆటపాక గూడబాతులు గుర్తొస్తాయి. తప్పని అనటం లేదు. పక్షి బతకాల్సిందే. కానీ ఆ నీళ్ళల్లో మావులు పెట్టి, తాటిదోనె మీద తిరిగి, కిక్కిస కోసుకుని బతికిన వడ్డీలూ, ఎండాకాలం సరస్సు అడుగున వరి కోతకు పోయిన మాల మాదిగలూ ఈ బొమ్మలో ఎందుకు కనపడరు? సరస్సు ఎట్లా మారిందో చెప్పుకోవాలంటే వాళ్ళను కలుపుకునే చెప్పుకోవాలి.

కృష్ణా గోదావరి డెల్టాల మధ్య పల్లం కొల్లేరు. ఒకప్పటి సముద్రపు వంపును రెండు నదుల మట్టి మూసేస్తే ఇది మిగిలిందని భూగర్భ శాస్త్రజ్ఞులంటారు. బుడమేరు, తమ్మిలేరు లాంటి ఏరులూ, పదులకొద్దీ డ్రెయిన్లూ వచ్చి ఇందులో పడతాయి. బయటికి పోయే దారి మాత్రం ఒక్కటే, ఉప్పుటేరు. వానాకాలం వరదను పట్టి ఉంచి మెల్లగా సముద్రానికి వదలటం కొల్లేరు చేసే పని. డెల్టా మునగకుండా కాసేది ఇదే.

నేల దాదాపు బల్లపరుపు. అందుకే ఇక్కడ కాంటూరు అనే మాటకు అంత విలువ. సముద్రమట్టం మీద 10 అడుగుల గీత దాకా లెక్కేస్తే సరస్సు 901 చదరపు కిలోమీటర్లు. 5 అడుగుల దాకా 308. 3 అడుగుల దాకా అయితే 135. కాగితం మీద రెండడుగులు తగ్గిస్తే సగానికి పైగా సరస్సు పోతుంది. గీత ఎక్కడ గీయాలన్నది సైన్సు ప్రశ్నలాగే కనిపిస్తది గానీ అసలు అది భూమి ప్రశ్న.

మార్పు నిన్న మొన్న మొదలైంది కాదు. 1850ల్లో ధవళేశ్వరం, బెజవాడ ఆనకట్టలు కట్టాక కాలవల కింద పొలాల మురుగంతా ఇక్కడికి దిగింది. హరిత విప్లవం వచ్చాక ఆ మురుగులో ఎరువులూ పురుగుమందులూ కలిశాయి. ఊళ్ళ మురుగు, ఫ్యాక్టరీల నీళ్ళు సరేసరి. ఎరువు తిన్న నీళ్ళల్లో గుర్రపుడెక్క అల్లుకుంది.

అసలు దెబ్బ చేపల చెరువులది. 1970ల మధ్యలో ప్రభుత్వం మత్స్యకారులకూ దళితులకూ సొసైటీలు పెట్టించి చెరువులు తవ్వించింది. ఉద్దేశం మంచిదే. కానీ పిల్లకూ మేతకూ మందుకూ పెట్టుబడి ఎక్కడిది? బ్యాంకు గడప ఎక్కలేని సొసైటీ, డబ్బున్న అగ్రకుల ఆసామికి లీజు రాసిచ్చింది. పేరు మనది, చెరువు వాళ్ళది. సొంత చెరువు గట్టు మీదే కాపలా కూలి మనది. 1980, 90ల్లో లీజులు దాటి ఆక్రమణలు పెరిగాయి. వేల ఎకరాల్లో గట్లు లేచాయి. బొచ్చె, శీలావతి లారీలెక్కి కలకత్తా దాకా పోయాయి. వలకు పడే కొర్రమీను, మట్టగిడస తగ్గాయి.

1999లో 5 అడుగుల కాంటూరు దాకా అభయారణ్యమన్నారు. 2002లో రామ్‌సర్ జాబితాలో చేరింది. 2006లో సుప్రీంకోర్టు ఆదేశాలతో పొక్లెయిన్లు దిగి గట్లు కొట్టాయి. పెద్ద ఆసామి చెరువుతోపాటు సొసైటీ చెరువూ పోయింది. ఆసామికి ఇంకో వ్యాపారం ఉంటుంది. కాపలావాడికి ఏముంది? పక్షుల పేరుతో జరిగిన న్యాయంలో కులం లెక్కలోకి రాలేదు. ఆ తర్వాత గట్లు మళ్ళీ లేచాయి, అది వేరే కథ. కాంటూరును 3 అడుగులకు తగ్గించమని 2015లో అసెంబ్లీ తీర్మానం చేసింది. పేదల పేరు చెప్పే తీర్మానమది. తగ్గించొద్దని అంతకుముందే కేంద్రం వేసిన అజీజ్ కమిటీ చెప్పింది.

ఇప్పుడు దీనిమీద వాతావరణ మార్పు వచ్చి పడుతోంది. సముద్రం వేడెక్కితే గాలి ఎక్కువ తేమ మోస్తుంది. వాన నెలంతా పడే బదులు రెండు రోజుల్లో కుమ్మరిస్తుంది. అట్లాంటి వాన 2024 సెప్టెంబరు మొదట్లో పడింది. బుడమేరు గట్టు తెగి బెజవాడ సింగ్‌నగర్ మునిగింది. ఎక్కువగా కూలీలూ చిరుద్యోగులూ ఉండే పేట అది. ఆ నీళ్ళు చివరికి చేరాల్సింది కొల్లేరుకే. గట్లు అడ్డుంటే సరస్సులో నీళ్ళు నిలిచే చోటూ తగ్గుతుంది, ఉప్పుటేరు వైపు నడకా మందగిస్తుంది.

ఎండాకాలం కథ దీనికి తిరగేసి. సరస్సులో మట్టం తగ్గితే సముద్రపు పోటు ఉప్పుటేరు గుండా ఎదురెక్కి వస్తుంది. సముద్రమట్టం పెరిగేకొద్దీ పోటు ఇంకా లోపలికి వస్తుంది. ముందు ఉప్పుబారేది లంక ఊళ్ళ మంచినీళ్ళు. డబ్బున్నవాడు క్యాను నీళ్ళు కొంటాడు.

కాబట్టి సరస్సా, మనుషులా అని అడగటమే మోసం. 5 అడుగుల గీత ఉండాలి, ఆక్రమణలు పోవాలి. అయితే గట్టు కొట్టేముందు ఆ చెరువు ఎవరి పేరున ఉంది, ఎవరు తిన్నారు అన్న రెండు లెక్కలూ తీయాలి. అభయారణ్యంలో సంప్రదాయ చేపల వేటకు అనుమతి ఉంది. వల వేయటానికి గట్లు లేని నీళ్ళు కావాలి, దళితులకు కొల్లేరు బయట సాగుభూమి కావాలి. ఈ రెండూ ఏ ఆపరేషన్ కాగితంలో రాస్తారో అడగాల్సింది లంక ఊళ్ళే.