సుబ్బారావు మందుకు లొంగని కణాలు

"యల్లాప్రగడ సుబ్బారావు గారి మందుతో తగ్గిన లుకేమియా కొన్నాళ్ళకే ఎందుకు తిరగబెట్టింది?" అని ఓ పాఠకుడు అడిగారు. ఇంత మంచి ప్రశ్న దొరికితే వదిలిపెట్టడం నా వల్ల కాదు.

అందరికీ తెలిసిన భాగం క్లుప్తంగా చెప్పేస్తాను. అమెరికాలోని లెడర్లీ మందుల సంస్థలో సుబ్బారావు బృందం తయారుచేసిన అమైనోప్టెరిన్‌ను బోస్టన్‌లో డాక్టర్ సిడ్నీ ఫార్బర్ లుకేమియా అనే రక్త క్యాన్సరు ఉన్న 16 మంది పిల్లలకు ఇచ్చాడు. పది మందికి జబ్బు తగ్గుముఖం పట్టింది. 1948లో అచ్చయిన ఆ వ్యాసం శీర్షికలోనే 'తాత్కాలిక' అన్న మాట ఉంది. సుబ్బారావు గారిని చూసి గర్వపడే మన వ్యాసాలు ఆ మాట దాకా రావు!

ఆ మందుకు తోబుట్టువు, నేటికీ వాడుతున్న మెథోట్రెక్సేట్. కణం డీఎన్ఏ తయారుచేసుకోవడానికి ఫోలేట్ కావాలి. దాన్ని పనికొచ్చే రూపంలో ఉంచే ఎంజైము డీహెచ్ఎఫ్ఆర్. మందు అణువు ఒక్కొక్కటీ ఒక్కో ఎంజైమును పట్టుకుని కదలనివ్వదు. మరి ఎంజైములే మందు అణువులను మించిపోతే?

సరిగ్గా అదే జరిగింది. 1978లో స్టాన్‌ఫర్డ్‌లో రాబర్ట్ షిమ్కీ బృందం మందుకు అలవాటుపడిన ఎలుక క్యాన్సర్ కణాలను పరీక్షించింది. తల్లి నుంచి ఒకటి, తండ్రి నుంచి ఒకటి ఉండాల్సిన డీహెచ్ఎఫ్ఆర్ జన్యువు వాటిలో వందల రెట్లు పెరిగి ఉంది! ప్రతులు పెరిగాయి కనుక ఆర్ఎన్ఏ పెరిగింది, ఎంజైమూ పెరిగింది. కొన్ని కణాల్లో ఈ అదనపు ప్రతులు క్రోమోజోములోనే బారుగా చేరతాయి. మరికొన్నింట్లో విడి తునకలుగా తిరుగుతాయి. కణం విడిపోయేటప్పుడు క్రోమోజోములను సమానంగా పంచే పట్టు, అంటే సెంట్రోమియర్, ఆ తునకలకు ఉండదు. అందుకే పంపకంలో వీలునామా లేని ఆస్తిలా ఎవరికి చిక్కినన్ని వాళ్ళవి. మందు ఉన్నంతకాలం ఎక్కువ చిక్కినవి బతుకుతాయి. మందు ఆపేస్తే ఆ తునకలు క్రమంగా కనుమరుగవుతాయి.

మందే కణానికి ఈ విద్య నేర్పుతుందనుకున్నవాళ్ళు పొరబడ్డారు. మందు తగలకముందే కొన్ని కణాలు యాదృచ్ఛికంగా మొండివై ఉంటాయనీ, మందు వాటిని ఏరి మిగుల్చుతుందనీ 1952లోనే లాయిడ్ లా ఎలుక లుకేమియా కణాలతో చూపించాడు.

జన్యువు పెరగడం ప్రతిసారీ చేటేననుకోకండి. కొందరు పిల్లల లుకేమియా కణాల్లో 21వ క్రోమోజోము అదనంగా ఉంటుంది. మెథోట్రెక్సేట్‌ను లోపలికి చేరవేసే ప్రొటీను జన్యువు దాని మీదే ఉంది. ఆ ద్వారాలు ఎక్కువై, కణం విషాన్ని చేజేతులా లోపలికి లాక్కుంటుంది. అలాంటి పిల్లలు సాధారణంగా బాగా కోలుకుంటారు. టీ రకం లుకేమియా కణాల్లోనేమో లోపలికెళ్ళిన మందు అంతగా నిలవదు. మందు ఒకటే, మోతాదు ఒకటే. ఫలితం ఏ జన్యువు ఎంత పలుకుతుందన్న దాన్ని బట్టి ఉంటుంది.

ఇదంతా ఎందుకు పనికొస్తుందంటారా? ఒక మందుకు లొంగని కణం ఇంకో మందుకు లొంగవచ్చు గనకే డాక్టర్లు నాలుగైదు కలిపి ఇస్తారు. పిల్లవాడు ఆడుకుంటున్నాడు కదా అని ఇంట్లో ఇచ్చే మాత్రలు మధ్యలో మానేయకండి. రక్తపరీక్షకు అందనంత తక్కువ కణాలు ఇంకా మిగిలి ఉండవచ్చు.