కాన్పు అయ్యాకే అసలు జాగ్రత్త: వంశంలో వచ్చే రక్తస్రావ సమస్యలు

ఈరోజు ఒక ప్రశ్నతో మొదలుపెడతాను. పీరియడ్స్‌లో గంటకో ప్యాడ్ మార్చాల్సి వస్తోందా? పన్ను పీకించుకున్నాక రక్తం ఆగడానికి చాలాసేపు పట్టిందా? ఇంట్లో చెబితే "మా అమ్మకీ ఇంతే, పిన్నికీ ఇంతే" అంటారు. నేనేమంటానంటే, అందరికీ ఉందంటే అది మామూలని కాదు, వంశంలోనే ఏదో ఉందేమో చూసుకోవాలి.

ఇలాంటి వాటిలో ఎక్కువగా కనిపించేది వాన్ విల్లీబ్రాండ్ వ్యాధి. ఫిన్లాండ్ డాక్టర్ ఎరిక్ వాన్ విల్లీబ్రాండ్ 1926లో దీని గురించి రాశారు. ఆయన చూసిన పాప 13 ఏళ్లకి, నాలుగో పీరియడ్‌లో రక్తం ఆగక చనిపోయింది.

దెబ్బ తగిలినచోట ప్లేట్‌లెట్లు అతుక్కోవాలి కదా, వాటిని అతికించే జిగురు లాంటిదే వాన్ విల్లీబ్రాండ్ ఫ్యాక్టర్. ఫ్యాక్టర్ 8ని కాపాడేదీ ఇదే. గర్భంలో ఈ రెండూ పెరుగుతాయి. టైప్ 1 ఉన్న చాలామందికి నెలలు నిండేసరికి లెవెల్ నార్మల్‌కి వచ్చేస్తుంది. అందుకే గర్భంలో టెస్ట్ చేస్తే జబ్బు బయటపడకపోవచ్చు. టైప్ 3లో మాత్రం పెరగదు. హీమోఫీలియా బి క్యారియర్లకి ఫ్యాక్టర్ 9 కూడా పెద్దగా పెరగదు.

అసలు మెలిక ఇక్కడుంది. కాన్పు అయ్యాక పెరిగిన లెవెల్ మళ్లీ పడిపోతుంది, 1 నుంచి 3 వారాల్లో పాత స్థాయికి వచ్చేస్తుంది. అప్పటికి బాలింత పుట్టింట్లో ఉంటుంది. ఎక్కువ రక్తం పోతున్నా "బాలింతకి మామూలే" అంటారు. ప్రమాదం అక్కడే.

మరి ఏం చేయాలి? వీలైతే పెళ్లికి ముందో, గర్భానికి ముందో టెస్ట్ చేయించుకోండి. మేనరికం ఇళ్లలో మరీ ముఖ్యం, టైప్ 3 లాంటివి అక్కడ ఎక్కువ కనిపిస్తాయి. ఏడో నెల దాటాక లెవెల్ మళ్లీ చూడాలి. 50 కన్నా తక్కువుంటే నడుముకి మత్తు ఇచ్చేముందు, కాన్పుకి ముందు ఫ్యాక్టర్ ఎక్కించాల్సి రావచ్చు. కాన్పు తర్వాత ట్రానెక్సామిక్ యాసిడ్ ఎన్ని రోజులు వాడాలో డాక్టర్‌ని అడగండి. నొప్పికి ఆస్పిరిన్, ఐబుప్రోఫెన్ సొంతంగా వేసుకోవద్దు. బిడ్డకీ ఆ జబ్బు ఉండొచ్చు కాబట్టి వాక్యూమ్ పెట్టి లాగడం తప్పిస్తారు.

ఇంటికెళ్లాక ప్యాడ్ గంటలో తడిసిపోతున్నా, పెద్ద గడ్డలు పడుతున్నా, కళ్లు తిరుగుతున్నా తెల్లారేదాకా ఆగకండి, 108కి ఫోన్ చేయండి.

ఇవాళే అమ్మని ఒక్క మాట అడగండి: "నేను పుట్టినప్పుడు నీకు రక్తం ఎక్కువ పోయిందా?" ఆ జవాబు మీ డాక్టర్‌కి చెప్పండి. ఉంటానండీ, మళ్లీ కలుద్దాం.