రొమ్ములో గడ్డ.. హార్మోన్లే కారణమా?

రొమ్ములో చిన్న గడ్డ చేతికి తగిలితే చాలు, ఆడవాళ్లకు గుండె గుభేలుమంటుంది. క్యాన్సరేమోనన్న భయం ఒకవైపు, ఎవరికీ చెప్పుకోలేని సిగ్గు మరోవైపు. అయితే 15 నుంచి 35 ఏళ్ల లోపు వారిలో కనిపించే గడ్డల్లో చాలావరకు ఫైబ్రోఎడినోమాలే. ఇవి క్యాన్సర్ గడ్డలు కావు. రబ్బరు ముక్కలా ఉండి, నొక్కితే వేళ్ల కింద నుంచి జారిపోతాయి. సాధారణంగా నొప్పి ఉండదు.

వీటి పెరుగుదలలో ఈస్ట్రోజెన్ వంటి సెక్స్ హార్మోన్ల పాత్ర ఉండొచ్చని వైద్యులు భావిస్తున్నారు. ఎందుకంటే, అండాశయాలు చురుగ్గా పనిచేసే వయసులోనే ఇవి ఎక్కువగా వస్తాయి. గర్భంతో ఉన్నప్పుడు కొన్ని పెద్దవవుతాయి. నెలసరి ఆగిపోయాక చాలావరకు కుంచించుకుపోతాయి. ఆ తర్వాత హార్మోన్ మాత్రలు వాడేవారిలో మాత్రం అలాగే ఉండిపోవచ్చు, పెరగనూవచ్చు.

అలాగని తప్పంతా హార్మోన్లదే అనలేం. అవి అందరిలోనూ ఉంటాయి, గడ్డలు మాత్రం కొందరికే వస్తాయి. చాలా ఫైబ్రోఎడినోమాల్లో మెడ్12 అనే జన్యువులో మార్పులు ఉన్నట్లు 2014లో సింగపూర్ శాస్త్రవేత్తలు గుర్తించారు. గర్భాశయంలో వచ్చే ఫైబ్రాయిడ్లలోనూ ఇదే జన్యువు మార్పులు కనిపిస్తాయి.

గడ్డ ఏ రకమో చేత్తో తడిమి ఎవరికి వారు తేల్చుకోవద్దు. డాక్టర్ పరీక్ష, అల్ట్రాసౌండ్, అవసరమైతే ముక్క పరీక్షతోనే అది తెలుస్తుంది. చిన్నదైతే ఆపరేషన్ లేకుండా గమనిస్తూ ఉంటే సరిపోతుంది. వేగంగా పెరిగినా, చర్మం లోపలికి లాగినట్లున్నా, చనుమొన నుంచి రక్తం వచ్చినా, నెలసరి ఆగాక కొత్తగా గడ్డ కనిపించినా ఆలస్యం చేయకూడదు. సిగ్గుపడి దాచుకుంటేనే అసలు ప్రమాదం.