ఆకాశమే కప్పుగా

భీమునిపట్నమునకు చేరువనున్న తగరపువలసలో ఒక వేసవి సాయంకాలమును తలచుకొనుడు. ఇంటిలోపలి గది కుంపటివలె నుండును. వీధి అరుగుమీదనో, పెరటిలోని నులకమంచముమీదనో కూర్చున్నవారికి మాత్రము గాలి హాయి గొల్పును. మన పూర్వులు మండువా లోగిళ్ళు కట్టినపుడు ఇంటి నడుమ కొంత చోటును ఆకాశమునకే విడిచిరి. వెలుతురును గాలియు అచటినుండియే ఇల్లంతటికిని చేరుచుండెడివి. ఈ పాత తెలివిని నూతన వాస్తుశిల్పమునకు మూలసూత్రముగా గ్రహించినవాడు చార్లెస్ కొరియా.

కొరియా 1930 సెప్టెంబరు 1వ తేదీన సికిందరాబాదులో జన్మించెను. అమెరికాలోని మిషిగన్ విశ్వవిద్యాలయమునను, పిదప మసాచుసెట్స్ సాంకేతిక విద్యాసంస్థలోను చదివి, స్వదేశమునకు మరలి, 1958లో బొంబాయిలో స్వంత కార్యాలయమును నెలకొల్పెను. ఆ కాలమున అద్దముల మేడలే ఆధునికతకు గుర్తుగా ఉండెను. చలిదేశములలో ఎండను లోనికి రప్పించు అద్దము మేలు చేయును. మన ఎండలలో అదియే కీడు చేయును. యంత్రములతో ఇంటిని చల్లబరచుకొను స్తోమత పేదలకు లేదు. మరి వారి మాట ఏమి?

సబర్మతి ఆశ్రమమున 1963లో ప్రారంభమైన గాంధీ స్మారక సంగ్రహాలయములో దీనికి సమాధానము కలదు. ఇటుక స్తంభములు, పెంకుల కప్పులు, చెక్కపలకల కిటికీలు, గదుల నడుమ ఆరుబయట ఒక నీటికొలను, ఇవియే దాని సొంపు. కిటికీలకు అద్దములే లేవు.

నవీ ముంబయిలోని బేలాపూరులో 1980వ దశకమున ఆయన సామాన్యులకై ఇండ్లను రూపొందించెను. ఏడేసి ఇండ్లకు ఒక ఉమ్మడి ముంగిలి. ఏ రెండిండ్లకును ఉమ్మడి గోడ లేదు. కావున రాబడి పెరిగినపుడు ఎవరి ఇంటిని వారు పెంచుకొనవచ్చును. ఉన్నది ఒక్క గదియే యైనను, ఆరుబయలు రెండవ గది యగును. అచట వంట చేయవచ్చును, చదువుకొనవచ్చును, నిదురింపవచ్చును. తరువాతి కాలమున పలువురు ఆ ఇండ్లను తీసివేసి పెద్ద మేడలు కట్టుకొనిరి. కొందరు ఇందులకు చింతించిరి. కాని ఇల్లు ఇంటివారితోపాటు పెరుగవలెనని కోరినవాడు కొరియాయే గదా!

తాను చదివిన మసాచుసెట్స్ సంస్థలోనే ఆయన ఆచార్యుడై బోధించెను. నగరముల బాగోగులను పరిశోధించుటకు 1984లో బొంబాయిలో ఒక సంస్థను స్థాపించెను. భారత ప్రభుత్వము 2006లో పద్మవిభూషణముతో ఆయనను గౌరవించెను. 2015 జూన్ 16వ తేదీన ముంబయిలో ఆయన కన్నుమూసెను.

ఇల్లు కట్టునపుడు జానెడు చోటైనను విడువక గోడలతో నింపుట లాభమని తోచవచ్చును. ఆకాశమునకు విడిచిన చోటు వృథా కాదనియు, అదియు ఇంటిలోని గదియే యనియు కొరియా కట్టడములు నేటికిని బోధించుచున్నవి.