108 ప్రదక్షిణలు, 8 కోర్లు

చిల్కూరు బాలాజీ గుడిలో కోరిక కోరుకునేటప్పుడు 11 ప్రదక్షిణలు, అది తీరాక 108. లెక్క తప్పకుండా చేతిలో అంకెలు అచ్చేసిన చిన్న కార్డు, పెన్ను పట్టుకుని, చుట్టు తిరిగినప్పుడల్లా ఒక గడి కొట్టేస్తూ నడుస్తారు. వాళ్లలో ఇంజనీరింగ్ పిల్లలకు లోటుండదు. వీసా కోసం వచ్చేవాళ్లు, ఉద్యోగం కోసం వచ్చేవాళ్లు, మొయినాబాద్ చుట్టుపక్కల కాలేజీల నుంచి ఊరికే బండేసుకుని వచ్చేవాళ్లు.

పోయిన ఎండాకాలం అలా 108 పూర్తిచేసి, గుడి బయట కొబ్బరిబోండాం తాగుతున్న ఒక కుర్రాడు నన్ను పట్టుకున్నాడు. "అన్నా, కొత్త తరం ప్రాసెసర్లు వచ్చినయి కదా. నా దాంట్ల ఆట నడుస్తనే మధ్యల ఆగుతుంది. మొత్తం మార్చాల్నా, ఇంకో ఏడాది ఆగాల్నా?"

ఇరవై ఏళ్లుగా సికింద్రాబాద్ సీటీసీ కంప్యూటర్ మార్కెట్ నుంచి సామాను తెచ్చి కంప్యూటర్లు అసెంబుల్ చేస్తున్నాను. ఈ ప్రశ్న ప్రతి తరానికీ వస్తుంది. జవాబు మాత్రం ఈమధ్య మారింది. అందుకే అతని చేతిలో ఉన్న ఆ కార్డు దగ్గరే మొదలుపెట్టాను.

కోర్లు పెరిగితే పని తొందరగా ఎందుకు కాదు?

"నీ 108 ప్రదక్షిణలు నీ దోస్తులు పదిమంది పంచుకుంటే నడుస్తదా?" అన్నాను. నడవదు. మొక్కు ఒకరిది, మొదటి చుట్టు పూర్తయితేనే రెండోది. అదే మన మొయినాబాద్ పూలతోటలో బంతిపూలు కోయాలంటే పదిమంది పది సాళ్లు పట్టుకుంటారు, పని పదో వంతు సమయంలో అయిపోతుంది.

ప్రాసెసర్లో ఒక్కో కోరు ఒక్కో పనివాడు. కంప్యూటర్ పనుల్లో ఈ రెండు రకాలూ ఉన్నాయి. వీడియో ఎడిట్ చేసి ఎక్స్‌పోర్ట్ చేయడం, పెద్ద ప్రోగ్రామును కంపైల్ చేయడం, త్రీడీ బొమ్మను రెండర్ చేయడం పూలకోత లాంటివి. ఆటలో తర్వాతి దృశ్యం ఏమిటో లెక్కగట్టే ప్రధానమైన పని చాలావరకు ప్రదక్షిణ లాంటిది. ఒక పనిలో నాలుగో వంతు ఒక్కరే చేయాల్సినదైతే, మిగతా ముప్పావుకు ఎంతమందిని దింపినా మొత్తం మీద వేగం నాలుగు రెట్లు దాటదు. జీన్ ఆమ్‌డాల్ 1967లోనే ఈ లెక్క చెప్పారు. డబ్బా మీద కోర్ల సంఖ్య చూసి మురిసిపోయే ముందు ఈ ఒక్క లెక్క గుర్తుంటే చాలా డబ్బు మిగులుతుంది.

2024 ఆగస్టులో ఏఎండీ రైజెన్ 9000 వరుస, అక్టోబరులో ఇంటెల్ కోర్ అల్ట్రా 200ఎస్ వరుస వచ్చాయి. ఇంటెల్ పైశ్రేణి 285కెలో 24 కోర్లు. వాటిలో 8 పెద్దవి, 16 చిన్నవి. ఒక్కో కోరుతో రెండు పనులు చేయించే హైపర్ త్రెడింగ్‌ను ఈ తరంలో తీసేశారు. ఏఎండీ 9950ఎక్స్‌లో 16 కోర్లు, 32 త్రెడ్లు. పూలకోత పనులు చేసేవాళ్లకు రెండూ నిజంగా పనికొచ్చేవే. మన కుర్రాడు మాత్రం ఆటలవాడు.

మరి గిగాహెర్ట్జ్ సంగతేమిటి?

2004లో పెంటియం 4 అందుకున్నది 3.8 గిగాహెర్ట్జ్. ఇరవై ఏళ్ల తర్వాత 9950ఎక్స్, 285కె రెండూ అందుకునే గరిష్ఠ వేగం 5.7. ఇన్నేళ్లలో ఒకటిన్నర రెట్లు, అంతే. వేగం పెంచాలంటే వోల్టేజీ పెంచాలి. కరెంటు ఖర్చు వోల్టేజీ వర్గంతో పెరుగుతుంది, అదంతా వేడిగా మారుతుంది. ఆ దారి దాదాపు మూసుకుపోయింది కాబట్టే ఇంజనీర్లు వేరే ప్రశ్న వేసుకున్నారు: ప్రాసెసర్ పని చేయకుండా నిలబడిపోతున్నది ఎక్కడ?

ప్రాసెసర్ ఎందుకు ఎదురుచూస్తుంది?

నాకు అన్నిటికన్నా ముఖ్యమనిపించేది ఇదే. 5 గిగాహెర్ట్జ్ వేగంలో ఒక్క టిక్కు సెకనులో 500 కోట్లవ వంతు. ర్యామ్ నుంచి ఒక అంకె తెప్పించుకోవాలంటే సుమారు 70 నుంచి 80 నానోసెకన్లు పడుతుంది. అంటే 350 నుంచి 400 టిక్కులు. అన్ని టిక్కులూ ఆ కోరు సరుకు కోసం చేతులు కట్టుకుని నిలబడే ప్రమాదం ఉంది.

మన వంటింట్లోకి రండి. నూనె కాగుతోంది. ఆవాలు పోపులపెట్టెలో ఉంటే చేయి చాచి వేస్తాం. అలమరలో ఉంటే నాలుగడుగులు. ఇంట్లో అసలు లేకపోతే చేవెళ్ల కిరాణా కొట్టుకు పోవాలి, ఈలోగా పొయ్యి ఆపాలి. ప్రాసెసర్ లోపల ఉండే క్యాష్ మెమరీయే పోపులపెట్టె. ఎల్1 క్యాష్ నాలుగైదు టిక్కుల్లో ఇస్తుంది, ఎల్2 పద్నాలుగు ప్రాంతంలో, ఎల్3 యాభైకి అటూ ఇటూ. ఆ తర్వాత ర్యామ్, అంటే చేవెళ్ల ప్రయాణమే. ఆటలకు ఏ క్షణంలో ఏ సరుకు కావాలో ముందుగా తెలియదు. అందుకే కొట్టుకు పరుగెత్తడం ఎక్కువ, తెరమీద ఆ తడబాటు ఎక్కువ.

పోపులపెట్టె పెద్దది చేస్తే సరిపోదా అంటే, గట్టు మీద చోటు లేదు. క్యాష్ కోసం చిప్పును వెడల్పు చేసుకుంటూ పోతే ఖరీదు పెరుగుతుంది, దూరం పెరిగి నెమ్మదిస్తుంది కూడా. ఏఎండీ ఇక్కడ టిఫిన్ క్యారియర్ ఉపాయం పట్టింది: పక్కకు కాదు, పైకి. మామూలుగా ఉండే 32 మెగాబైట్ల ఎల్3 మీద మరో 64 మెగాబైట్ల గిన్నె పేర్చి మొత్తం 96 చేసింది. డెస్క్‌టాప్‌లో ఇలా వచ్చిన మొదటిది 2022 ఏప్రిల్ నాటి 5800ఎక్స్3డి.

దానికో ఇబ్బంది ఉండేది. వేడెక్కే కోర్లకూ పైనున్న కూలరుకూ మధ్య ఈ గిన్నె పొర అడ్డం. వేడి తొందరగా బయటికి పోలేదు, కాబట్టి వేగాన్ని కాస్త కట్టేయాల్సి వచ్చింది. 2024 నవంబరులో వచ్చిన 9800ఎక్స్3డిలో గిన్నెను కిందికి దించి కోర్లను పైకి తెచ్చారు. ఇప్పుడు కోర్ల వేడి నేరుగా కూలరుకు అందుతుంది. దీని ముందుతరం 7800ఎక్స్3డి 5 గిగాహెర్ట్జ్ దగ్గర ఆగితే ఇది 5.2 దాకా వెళ్తుంది. పైగా, వేగాన్ని మనమే ఇంకాస్త పెంచుకునే ఓవర్‌క్లాకింగుకు తాళం వేయలేదు. కొత్త తరంలో నన్ను నిజంగా కూర్చోబెట్టి చదివించిన మార్పు ఇదొక్కటే. పొరల వరస తిరగేయడం వినడానికి చిన్న మాటే, కానీ కరెంటు తీగలన్నీ కింది పొర గుండా పైకి ఎక్కించాలంటే ఎంత పని!

ఇదే లెక్కతో ఇంటెల్ తరాన్నీ అర్థం చేసుకోవచ్చు. 285కె తక్కువ కరెంటుతో ఎక్కువ పని చేస్తుంది. కానీ కోర్లు ఒక ముక్కలో, ర్యామ్‌తో మాట్లాడే భాగం ఇంకో ముక్కలో పెట్టారు. కొట్టు దూరమైంది. ఆటల్లో తన ముందుతరం 14900కె కన్నా చాలాచోట్ల వెనకబడిందని సమీక్షకులు కొలిచి చూపించారు. లోపల ఏఐ పనులకు ఎన్‌పీయూ కూడా ఉంది, సామర్థ్యం 13 టాప్స్ (ఏఐ వేగానికి కొలమానం). మైక్రోసాఫ్ట్ కోపైలట్ ప్లస్‌కు అడిగేది 40. దాన్ని చూసి కొనకండి.

మన ఎండలో ఏమవుతుంది?

విదేశీ సమీక్షలన్నీ ఇరవై, ఇరవై రెండు డిగ్రీల గదిలో కొలిచినవి. ఏప్రిల్, మే నెలల్లో రేకుల గదిలో ఉండే మన పిల్లల సంగతి వేరు. ఫ్యాను కూలరైనా, నీళ్ల కూలరైనా గది వేడికన్నా కిందికి దించలేదు. గది మీద ఇంకో 50 డిగ్రీలు ఎక్కే ప్రాసెసర్ 22 డిగ్రీల గదిలో 72 దగ్గర ఉంటుంది, 40 డిగ్రీల గదిలో 90. రైజెన్ 9000 వరుసకు హద్దు 95. అక్కడికి చేరితే తనంతట తానే వేగం తగ్గించుకుంటుంది.

అందుకే మన దగ్గర ఓవర్‌క్లాకింగు సరదా తిరగబడాలి. 1998లో సెలరాన్ 300ఏ కొని, 300 మెగాహెర్ట్జ్ చిప్పును 450కి ఎక్కించడం అప్పటి ఔత్సాహికుల పండగ. ఇప్పటి చిప్పులు ఫ్యాక్టరీ నుంచే దాదాపు అంచున నడుస్తాయి, ఎక్కించడానికి పెద్దగా మిగల్లేదు. దించడానికి మాత్రం ఉంది. ఒకే చెట్టు కాయల్లా ఏ రెండు చిప్పులూ ఒకేలా ఉండవు. కంపెనీ అన్నిటికీ సరిపోయేలా వోల్టేజీ కాస్త ఎక్కువే ఇస్తుంది. ఏఎండీ బయోస్‌లో ఉండే కర్వ్ ఆప్టిమైజర్‌లో కోరు కోరుకూ వోల్టేజీ కొంచెం కొంచెం తగ్గిస్తూ, ప్రతిసారీ గంటల తరబడి పరీక్షిస్తూ వెళ్తే అదే వేగం తక్కువ వేడితో వస్తుంది. ఒక్కసారి హ్యాంగ్ అయినా ఒక మెట్టు వెనక్కి రావాలి. ఓపిక ఉన్నవాళ్లకే ఈ పని.

వోల్టేజీ ఎక్కువైతే ఏమవుతుందో ఇంటెల్ 13, 14 తరాల్లో లోకమంతా చూసింది. ఐ7, ఐ9ల్లో కొన్ని చిప్పులు క్రమంగా దెబ్బతిన్నాయి. 2024 ఆగస్టులో సవరించిన మైక్రోకోడ్ విడుదల చేశారు, వారంటీని మరో రెండేళ్లు పొడిగించారు. సవరణ కొత్తగా చెడిపోకుండా చూస్తుందే తప్ప చెడినదాన్ని బాగుచేయదు. సెకండ్ హ్యాండ్‌లో ఆ చిప్పులు చవగ్గా కనిపిస్తే తొందరపడకండి.

ఇంతకీ కుర్రాడికి ఏం చెప్పాను?

ముందు ఒక పని చెప్పాను. ఆట నడుస్తుండగా గ్రాఫిక్స్ కార్డు ఎంత శాతం పనిచేస్తోందో చూడమన్నాను. నిండా పనిచేస్తుంటే ప్రాసెసర్ మార్చి లాభం లేదు. అది ఖాళీగా ఉండి, ప్రాసెసర్లో ఒకటి రెండు కోర్లు నిండిపోయి ఉంటే అప్పుడు మాట్లాడదాం. మర్నాడు ఫొటో పంపాడు. కార్డు సగానికి కాస్త పైన ఆడుతోంది.

అతనిది ఏఎం4 బోర్డు, రైజెన్ 5 3600. దానికి 32 మెగాబైట్ల ఎల్3 అని చెబుతారు. నిజానికి మూడేసి కోర్లకు 16 చొప్పున రెండు ముక్కలు. రెండిళ్లలో రెండు చిన్న పోపులపెట్టెలన్నమాట. 9800ఎక్స్3డి కొనాలంటే బోర్డు మారాలి, ర్యామ్ డీడీఆర్5 కావాలి, అన్నిటి మీదా 18 శాతం జీఎస్టీ. నేను చెప్పింది 2024 జనవరిలో అదే పాత ఏఎం4 బోర్డుల కోసం వచ్చిన 5700ఎక్స్3డి. ఎనిమిది కోర్లు, 96 మెగాబైట్ల ఎల్3.

"అన్నా, నాది 4.2, ఇది 4.1 గిగాహెర్ట్జే కదా?" అన్నాడు. అవును, అంకె తగ్గింది, చేవెళ్ల ప్రయాణాలు కూడా తగ్గుతాయి అన్నాను. 3600తో వచ్చిన చిన్న కూలరు మాత్రం చాలదు. అది 65 వాట్ల చిప్పు, ఇది 105. డబ్బాలో కూలరు రాదు కూడా. ఆ డబ్బు పక్కన పెట్టుకోమన్నాను.

కొత్త చిప్పును బోర్డు గుర్తుపట్టాలంటే పాత ప్రాసెసర్ తీయకముందే బయోస్ అప్‌డేట్ చేయాలి, అదీ ఇన్వర్టర్ మీదే. ఈ మాట గట్టిగా చెప్పడానికి కారణం ఉంది. కొన్నేళ్ల కిందట మే నెల సాయంత్రం ఈదురుగాలి లేచి, అప్‌డేట్ సగంలో ఉండగా మా వీధిలో కరెంటు పోయింది. వేరొకరి బోర్డు అది, నా బల్లమీద చచ్చిపోయింది. కొత్తది నేనే కొనిచ్చాను.

ఆదివారం పొద్దున్నే, ఎండ ముదరకముందు, సామానుతో వచ్చాడు. బయోస్ అయ్యేదాకా ఇద్దరం తెరమీద గీత కదలడం చూస్తూ కూర్చున్నాం. పాత చిప్పు తీసి, పేస్టు తుడిచి, కొత్తది కూర్చోబెట్టి, బఠాణీ గింజంత పేస్టు పెట్టాం. కూలరు మరలు ఎదురుబొదురుగా కొంచెం కొంచెం బిగించమన్నాను. అతనే బిగించాడు. ఆట తెరిచి, తనకెప్పుడూ తడబడే ఆ సంత వీధిలోకి నేరుగా తీసుకెళ్లి, నాలుగుసార్లు అటూ ఇటూ పరుగెత్తించి చూశాడు. తర్వాత గ్రాఫిక్స్ కార్డు అంకె చూపించాడు. తొంభై దాటింది.