చలానా ఎక్కడ పుడుతుంది?

గత సంవత్సరం వర్షాకాలంలో ఒక సమీక్షా సమావేశం ముగించుకొని మేము విమానాశ్రయానికి వెళ్ళవలసి వచ్చింది. సమావేశం అనుకున్న వేళకంటె నలభై నిమిషాలు ఆలస్యంగా ముగిసింది. కార్యాలయ వాహనం ఎక్కుతూనే, "గంటలో విమానాశ్రయంలో ఉండాలండీ" అన్నాము. ఇరవై రెండేళ్ళ సర్వీసు గల డ్రైవరుగారు గడియారం వైపు ఒకసారి చూసి, "అలాగే సార్" అన్నారు. యాభై ఎనిమిది నిమిషాలలో చేరుకున్నాము. దిగేటప్పుడు ఆయనను మెచ్చుకున్నట్లు కూడా జ్ఞాపకం.

కొన్ని రోజులకు ఆ వాహనం పేరిట ఒక ఈ-చలానా వచ్చింది. ఫ్లైఓవర్ దిగి రోడ్డు ఇరుకయ్యే చోట, గంటకు 60 కిలోమీటర్ల పరిమితి ఉండగా మా వాహనం 78 కిలోమీటర్ల వేగంతో పోయినదని దాని సారాంశం. జత చేసిన ఫోటోలో నంబరు ప్లేటు స్పష్టంగా ఉన్నది. వెనుక సీటులో కూర్చున్న మేము మాత్రం కనిపించము. ఆ కాగితం రవాణా విభాగానికి, అక్కడి నుండి డ్రైవరుగారి చేతికి వెళ్ళింది. ఆయన జరిమానా తన జేబులో నుండి చెల్లించారు. ఈ సంగతి మాకు రెండు నెలల తరువాత, అదీ ఎవరో మాటల సందర్భంలో చెప్పగా తెలిసింది.

వేగానికి జరిమానాలు ఎక్కడ పడతాయని అడిగితే మన క్యాంటీనులో జవాబులకు కొదువ లేదు. ఫలానా వంతెన అవతల, ఫలానా ధాబా ఎదుట చెట్టు నీడన అంటూ, తీర్థయాత్రకు పోయివచ్చినవారు క్షేత్రాలను వరుసబెట్టి చెప్పినట్లు చెబుతారు. ఎదురుగా వచ్చే లారీ రెండుసార్లు లైటు వేసి ఆర్పితే ముందు పోలీసులున్నారని అర్థం చేసుకోవడం మన రహదారులపై పాత ఆచారమే. అయితే ఈ స్థలాలన్నింటినీ పక్కపక్కన పెట్టి చూచినప్పుడు, వాటి వెనుక ఒక క్రమం ఉన్నదని మాకు తోచింది.

మొదటిది, పరిమితి మారే చోటు. హైదరాబాదు చుట్టూ 158 కిలోమీటర్ల పొడవున ఉన్న ఔటర్ రింగ్ రోడ్డుపై కార్ల గరిష్ఠ వేగాన్ని 2023లో 100 నుండి 120 కిలోమీటర్లకు పెంచారు. దాని నుండి దిగి నగరంలోకి వస్తే, డివైడరు ఉన్న రోడ్డుపై కూడా కారుకు 60 కిలోమీటర్లే; డివైడరు లేకుంటే 50, కాలనీ వీధులలో 30. కాగితం మీద ఈ తేడా సులభంగానే కనిపిస్తుంది. కంటికి మాత్రం కనిపించదు. అరగంటసేపు వంద దాటిన వేగంతో పోయిన మనిషికి 80 కూడా నడకలాగే తోస్తుంది. మీటరు చూడకుండా తన అంచనాతోనే తగ్గించే డ్రైవరు తగ్గించానని అనుకుంటాడే గాని తగినంత తగ్గించడు. జాతీయ రహదారి ఊరిలోకి ప్రవేశించే చోట, ఫ్లైఓవర్ దిగే చోట, ఘాటు రోడ్డు మొదలయ్యే చోట జరిగేది ఇదే. వంతెన దిగేటప్పుడు వాలు కూడా తోడవుతుంది. యాక్సిలరేటరు నొక్కకపోయినా బండి వేగం అందుకుంటుంది. మా వాహనం దొరికినది సరిగ్గా అటువంటి చోటనే.

రెండవది, అంతకు ముందే రక్తం చిందిన చోటు. కేంద్ర రవాణా మంత్రిత్వ శాఖ 'బ్లాక్ స్పాట్' అనే మాటకు ఒక లెక్క కట్టింది. జాతీయ రహదారిపై సుమారు 500 మీటర్ల నిడివిలో, మూడు సంవత్సరాలలో, మరణమో తీవ్ర గాయమో జరిగిన ప్రమాదాలు ఐదు అయినా, మరణాలు పది అయినా అది బ్లాక్ స్పాట్. స్పీడ్ గన్ అమర్చిన ఇంటర్‌సెప్టర్ వాహనాన్ని ఎక్కడ నిలపాలనే ప్రశ్న వచ్చినప్పుడు పోలీసులు ముందుగా చూడవలసినది ఇటువంటి చోట్లనే. 119 కిలోమీటర్ల బెంగళూరు–మైసూరు రహదారి 2023 మార్చిలో ప్రారంభమైన కొద్ది నెలలకే, ప్రమాదాలు పెరగడంతో అక్కడ వేగ తనిఖీలు ముమ్మరమయ్యాయి; ఆగస్టు 1 నుండి దాని ప్రధాన మార్గంపై ద్విచక్ర వాహనాలను, ఆటోలను నిషేధించారు. ముంబయి–పుణె ఎక్స్‌ప్రెస్ మార్గంలో మైదానం మీద కారుకు 100 కిలోమీటర్లు అనుమతించినా ఖండాలా ఘాటులో ఆ పరిమితి బాగా తగ్గిపోతుంది. ఢిల్లీ నుండి ఆగ్రా వైపు పోయే 165 కిలోమీటర్ల యమునా ఎక్స్‌ప్రెస్ మార్గంపై చలికాలపు పొగమంచు రోజులలో పరిమితినే తగ్గించి ప్రకటిస్తూ వచ్చారు. మంచు కమ్మినప్పుడు ఆ రోడ్డు పొడవునా బ్లాక్ స్పాటే కదా!

ఇక్కడ ఒక మాట. 2022లో మన దేశంలో రోడ్డు ప్రమాదాలలో 1,68,491 మంది మరణించారు. వారిలో నూటికి 71 మంది మరణానికి అతివేగం కారణమని ప్రభుత్వ నివేదిక పేర్కొన్నది. ఈ సంఖ్యను మేము కొంత జాగ్రత్తగానే చూస్తాము. సరిగా వేయని మలుపును, వెలగని వీధి దీపాన్ని నిందితుల జాబితాలో చేర్చడం కష్టం. 'అతివేగం' అని ఒక గడిలో టిక్కు పెట్టడం సులభం. అయినా సగానికి సగం తగ్గించి చూచినా మిగిలేది చిన్న సంఖ్య కాదు.

వేగాన్ని పట్టే విద్యకు చరిత్ర కద్దు. 1896లో ఇంగ్లండులోని కెంట్ ప్రాంతంలో వాల్టర్ ఆర్నాల్డ్ అనే ఆయన, గంటకు రెండు మైళ్ళ పరిమితి ఉన్న చోట ఎనిమిది మైళ్ళ వేగంతో కారు నడిపాడట. కానిస్టేబులు సైకిలు మీద వెంటాడి పట్టుకున్నాడు. ఒక షిల్లింగు జరిమానా పడింది. ఇక నేడు ప్రపంచమంతటా ప్రసిద్ధమైన గాట్సో కెమెరాకు మూలపురుషుడు మారిస్ గాట్సోనైడ్స్ పోలీసు కాదు. 1953లో మాంటి కార్లో ర్యాలీ గెలిచిన డచ్చి కారు పందెగాడు. మలుపులలో తన కారు ఎంత వేగంతో తిరుగుతున్నదో కొలుచుకోవడానికి, అంటే ఇంకా వేగంగా పోవడానికే, ఆయన ఆ పరికరం తయారు చేసుకున్నాడు!

నేటి పరికరాలు రెండు విధాలు. రాడార్ తరంగాన్ని పంపి, వాహనానికి తగిలి తిరిగి వచ్చే తరంగపు పౌనఃపున్యంలోని మార్పును కొలుస్తుంది. దగ్గరకు వచ్చే రైలు కూత హెచ్చుస్వరంలోను, దాటిపోయిన రైలు కూత తగ్గుస్వరంలోను వినబడడానికి కారణమైన డాప్లర్ సూత్రమే ఇది. లేజర్ గన్ కాంతి స్పందనలను పంపి దూరం ఎంత త్వరగా మారుతున్నదో లెక్కిస్తుంది. కెమెరా దగ్గర మాత్రం నెమ్మదించి దాటగానే విజృంభించే చతురులకోసం సగటు వేగపు పద్ధతి వచ్చింది. పది కిలోమీటర్ల దూరంలో ఉన్న రెండు కెమెరాలను దాటడానికి, పరిమితి 100 అయితే, కనీసం ఆరు నిమిషాలు పట్టాలి. ఐదు నిమిషాలలో దాటినవాడు మధ్యలో ఏమి చేశాడో వేరే సాక్ష్యం అక్కరలేదు. ముంబయి–పుణె మార్గంపై 2024లో ఆరంభమైన వ్యవస్థలో ఈ ఏర్పాటు కూడా ఉన్నది.

కెమెరాలను దొంగచాటుగా పెడతారనే ఆరోపణ తరచుగా వింటాము. కేంద్ర మోటారు వాహనాల నిబంధనలలో 2021లో చేర్చిన 167ఏ ప్రకారం ఇటువంటి పరికరాలకు ధ్రువపత్రం ఉండాలి, దానిని ఏటేటా పునరుద్ధరించాలి, ఆ మార్గంలో పర్యవేక్షణ ఉన్నదని తెలిపే హెచ్చరిక బోర్డు స్పష్టంగా కనిపించాలి. అంతకంటె పాత రక్షణ మరొకటి ఉన్నది. "అతడు వేగంగా పోయినట్లు నాకు తోచింది" అని ఒక్క సాక్షి చెప్పినంత మాత్రాన, పరికరం కొలత ఆధారం లేకుండా, ఎవరినీ శిక్షించరాదని 1988 నాటి మోటారు వాహనాల చట్టంలోని 183వ సెక్షనే చెబుతున్నది.

ఫ్లైఓవర్ దిగువన 60కి బదులు 78 అయితే ఏమవుతుందని మేమూ అనుకున్నాము. కాగితం తీసుకొని లెక్క వేశాము. లెక్క సులువుగా ఉండడానికి 80 అనుకుందాం. ప్రమాదం కంటబడి కాలు బ్రేకు మీదికి పోవడానికి ఒకటిన్నర సెకండు. రోడ్డు పొడిగా, బ్రేకులు బాగా ఉన్నవి. 60 వేగంతో వచ్చే కారు సుమారు 45 మీటర్లలో ఆగిపోతుంది. 80తో వచ్చే కారు సుమారు 69 మీటర్లు తీసుకుంటుంది. అంతవరకు ఊహించినదే. కాని మొదటి కారు పూర్తిగా ఆగిన ఆ 45వ మీటరు దగ్గర రెండవ కారు వేగం ఎంత? ఇంకా గంటకు 65 కిలోమీటర్లు! మొదటి కారు ముందు బతికిపోయిన మనిషిని రెండవ కారు 65 వేగంతో ఢీకొంటుంది. మొత్తం ముప్పై కిలోమీటర్లూ 60కి బదులు 80 వేగంతో పోగలిగినా మిగిలేది ఏడున్నర నిమిషాలు. ఆనాడు మేము విమానాశ్రయంలో అంతకంటె ఎక్కువసేపు టీ కోసం నిలబడ్డాము.

మమ్మల్ని నిజంగా ఆలోచింపజేసినది మాత్రం ఆ 183వ సెక్షనులోనే ఉన్నది. పూర్వం ఈ నేరానికి మొదటిసారి జరిమానా 400 రూపాయలు మించేది కాదు. 2019 సవరణతో కేంద్ర చట్టంలో అది కారు వంటి తేలిక వాహనానికి 1,000 నుండి 2,000 రూపాయలు, బస్సులు, లారీల వంటి పెద్ద వాహనాలకు 2,000 నుండి 4,000 రూపాయలు అయింది. ఈ సంగతి అందరికీ తెలిసినదే. తెలియనిది, ఆ జరిమానా ఎవరికన్న దానిలో ఉన్నది. వాహనం నడిపినవారికే గాక, తన వద్ద ఉద్యోగం చేసేవారిచేత, తన అదుపులో ఉన్నవారిచేత ఆ వేగంతో నడిపించినవారికీ అది వర్తిస్తుంది. చివరి ఉపవిభాగం ఇంకా ముందుకు పోయింది. ఇంత సమయంలో ప్రయాణం పూర్తి కావాలని ఎవరైనా ఆదేశిస్తే, వేగ పరిమితి మీరకుండా అది ఆచరణ సాధ్యం కాదని న్యాయస్థానం అభిప్రాయపడితే, ఆ ఆదేశమే ఆదేశించినవారి నేరానికి ప్రాథమిక సాక్ష్యం అవుతుంది.

"గంటలో విమానాశ్రయంలో ఉండాలండీ." ఆ చలానా ఫ్లైఓవర్ దిగువన కాదు, కార్యాలయం పోర్టికోలో పుట్టినదన్నమాట.

డ్రైవరుగారిని కలిసి జరిమానా మొత్తం ఇవ్వబోయాము. ఆయన మొదట పుచ్చుకోలేదు. బలవంతం చేయగా తీసుకొని, "డబ్బుదేముంది సార్, రెండోసారి పడితే లైసెన్సు తీసుకుంటారట గదా" అన్నారు. ఆయన చెప్పినది నిజమే. రెండవసారి నేరానికి లైసెన్సు స్వాధీనం చేసుకునే వీలు సవరించిన చట్టంలో ఉన్నది. మా లైసెన్సు పోతే మేము బస్సులో కార్యాలయానికి వస్తాము. ఆయన లైసెన్సు పోతే, పదవీ విరమణకు నాలుగేళ్ళ దూరంలో, ఆయన చేతిలో మిగిలే పని ఏమిటి? గతంలో తమకూ ఇటువంటి చలానాలు పడ్డాయని, ఏ అధికారినీ అడగకుండానే కట్టుకున్నామని మరో ఇద్దరు డ్రైవర్లు కూడా మాతో అన్నారు. ఆ ప్రయాణాలలో వెనుక సీటులో ఎవరున్నారో వారు చెప్పలేదు, మేమూ అడగలేదు.

ఇప్పుడు మేము విమానానికి బయలుదేరే సమయాన్ని ముందురోజే ట్రిప్ షీటులో వ్రాసి, ఆలస్యమైతే ఎందుకైనదో దాని కింద సంతకం చేస్తున్నాము. ఒకసారి విమానం తప్పిపోయింది కూడా; ఆ రాత్రి అతిథి గృహంలో గడిపాము. వాహనం ఎక్కిన అధికారి విధించిన గడువు కారణంగా చలానా పడితే దానిని డ్రైవరు నుండి వసూలు చేయరాదని కోరుతూ, 183వ సెక్షను ప్రతిని జతపరచి, రవాణా విభాగానికి ఒక లేఖ పంపాము. సమాధానం రావలసి ఉన్నది.